ముప్పై ఆరో ఫ్రేము

ఆ రోజు ఆయన నాలుక రెండుసార్లు చప్పుడు చేసింది. మొదటిది ఎందుకో నాకు వెంటనే తెలిసింది. రెండోదాని సంగతి అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

తొంభైల చివర్లో ఒక జనవరి ఉదయం. ఎనిమిది దాటినా మంచు పూర్తిగా విడలేదు. రాజమండ్రి జాంపేటలో స్టూడియో గారూ నేనూ రోడ్డుకి ఒక పక్కన నిలబడి ఉన్నాం. ఎదురుగా ఒక మూడు చక్రాల రిక్షా మీద నిలువుటద్దం బీరువా పోతోంది. పడుకోబెడితే అద్దం పగులుతుందని కాబోలు, నిలబెట్టి తాళ్ళతో కట్టారు. ఒకతను తొక్కుతున్నాడు, ఇంకొకతను వెనక దాన్ని కావలించుకుని నడుస్తున్నాడు. అద్దం మా వైపు ఉంది. అందులో ఇళ్ళూ, కరెంటు స్తంభాలూ, మేమూ మెల్లగా జరుగుతున్నాం.

ఆ పేటలో దేవుడికి వదిలేసిన ఎద్దు ఒకటి తిరిగేది. ఒక కొమ్ము సగానికి విరిగింది. అది రోడ్డు మధ్యకి వచ్చి, అద్దంలో ఇంకో ఎద్దుని చూసి బుస్సుమంది. రిక్షా ఆగిపోయింది.

"హోయ్, హోయ్! నువ్వేరా బాబూ అది!" అని వెనకతను ఎద్దుకి నచ్చజెప్పాడు.

స్టూడియో గారు నాలుకతో టక్‌మనిపించారు. "ముప్పై అయిదు," అన్నారు.

ఎద్దు మాత్రం మాట వినలేదు. కాసేపు అద్దంలోకి గుర్రుగా చూసి, అవతలిది వెనక దాక్కుందనుకుందో ఏమో, బీరువా చుట్టూ తిరిగి అటు పక్కకి వెళ్ళింది. అక్కణ్ణించి తల బయటపెట్టి మా వైపు చూసింది. నేను నవ్వుతున్నాను. ఈ గొడవలో ఎప్పుడో రెండో చప్పుడు వినిపించింది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆయనేనండి," అన్నారు.

"ఎవరండి?"

అరవై దాటిన మనిషి, రిక్షాని తప్పించుకుని రోడ్డు దాటి, అవతలి మలుపు దాకా పరుగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. మలుపు తిరిగితే చిన్న సందు. ఒక ముసలమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఇటు ఎవరైనా వచ్చారా అమ్మా? తెల్ల చొక్కా, చెంప మీద పుట్టుమచ్చ," అని అడిగారు ఆయన రొప్పుతూ.

"పొద్దుటినించి ఈ సందులోకొచ్చింది మీరిద్దరే బాబూ," అందావిడ.

ఆయన పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. మెయిన్ రోడ్డు వెనక సందులో ముప్పై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపారు కాబట్టి అందరికీ 'స్టూడియో గారు'. కలర్ ల్యాబులు వచ్చాక కొట్టుని మేనల్లుడికి అప్పజెప్పి, కెమెరాని పెట్టెలో పెట్టి తాళం వేశారు. అప్పటినుంచీ రోజూ ఉదయం నడకే పని.

నేనప్పుడు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో పనిచేసేవాణ్ణి. ఆదివారం పేజీలో కింద మూల ఒక చిన్న బాక్సు ఉండేది, వీధుల్లో కనబడే తమాషాల కోసం. ఆఫీసుకి ఉన్న ఒక్క ఫొటోగ్రాఫరు మంత్రుల కార్ల వెంట తిరిగేవాడు. అందుకని ఆ బాక్సుకి ఫొటో ఉండేది కాదు, పన్నెండు లైన్ల మాటలు మాత్రమే. ఆ పన్నెండు లైన్ల కోసం వారంలో రెండు మూడు రోజులు స్టూడియో గారి వెంట నడిచేవాణ్ణి. గోదావరి గట్టు మీద మొదలై, కోటగుమ్మం మీదుగా ఇన్నీసుపేట, జాంపేట తిరిగి టీ దగ్గర ఆగడం.

ఆయన కొద్దిగా ఎడమ పక్కకి ఒరిగి నడిచేవారు. ముప్పై ఏళ్ళు ఆ భుజానికే సంచీ వేలాడిందట. ఇప్పుడు సంచీ లేకపోయినా ఒరుగుడు పోలేదు. మధ్యమధ్య మెడ మీద లేని బెల్టుని సర్దుకునేవారు. ఏదైనా కనిపిస్తే నిలబడి, ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, నాలుకతో టక్‌మనిపించేవారు. తర్వాత అంకె చెప్పేవారు. అంతే, ఫొటో తీసినట్టే.

ఒకరోజు స్కూటరు ఆగిపోయి ఒకాయన చెమటలు కక్కుతూ తోసుకుపోతున్నాడు. దాని మీద భార్యా, తల్లీ దిగకుండా కూర్చుని కాఫీ పొడి ధర గురించి మాట్లాడుకుంటున్నారు. టక్. పెళ్ళి బ్యాండు వాడొకడు ఎర్రకోటు, బంగారు బొత్తాలు, కాళ్ళకి చెప్పుల్లేవు, తన డ్రమ్మునే బల్లగా వేసుకుని ఇడ్లీ తింటున్నాడు. టక్. ఒక నాయకుడి నిలువెత్తు కటౌటుని బండి మీద వెల్లకిలా పడుకోబెట్టి తీసుకుపోతున్నారు. చినుకులు పడుతున్నాయి. బండివాడు తను తడుస్తూ నాయకుడి మొహానికి గొడుగు పట్టాడు. స్టూడియో గారు దానికి రెండు ఫ్రేములు ఖర్చుపెట్టారు.

"కెమెరా తెచ్చుకోవచ్చు కదండీ," అన్నానొకసారి.

"తెస్తే ఇవి ఉండవండి. కెమెరా చూడగానే ఆ స్కూటరు మీద అత్తాకోడళ్ళు దిగిపోతారు. బ్యాండు వాడు మూతి తుడుచుకుంటాడు. మనకి మిగిలేది ఫొటో. ఇది మిగలదు."

నేనేదైనా చూసి చెబితే ఆయనకి తృప్తి ఉండేది కాదు. వకీలులాగా అడిగేవారు. గొడుగు ఏ చేత్తో పట్టుకున్నాడు? ఇడ్లీ ఏ చేత్తో తింటున్నాడు? అత్తగారు ముందా, కోడలు ముందా? నేను నీళ్ళు నమిలితే తల అడ్డంగా ఊపేవారు.

"కెమెరా లేనివాడు ఏం మర్చిపోయినా వైపు మర్చిపోకూడదండి. మా పనిలో ఎడమ కుడి తప్పితే మనిషే మారిపోతాడు."

నేను బాక్సు రాసేటప్పుడు కొట్టేసేవి ఆ ఎడమలూ కుడులే. పన్నెండు లైన్లలో వాటికి జాగా ఎక్కడిది?

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. రీలులో ముప్పై ఆరు ఫ్రేములు కాబట్టి రోజుకి ముప్పై ఆరే. అందులోనూ ముప్పై అయిదు అవగానే ఆపేసేవారు. ఆ తర్వాత పక్కనే ఏనుగు సైకిలు తొక్కుతున్నా తల దించుకుని నడిచేవారు.

"ఇంకొకటి ఉంది కదండీ?" అంటే,

"అది ఉంచుకోవాలండి. ఏ కబురొస్తుందో."

స్టూడియోలో ఉన్నప్పటి అలవాటట అది. పెళ్ళిలో ఎంత తొందరగా ఉన్నా ఆఖరి ఫ్రేము వాడేవారు కాదు. చావు కబురు చెప్పి రాదు కదా. ఎవరింట్లోనో పెద్దాయన పోతాడు, బతికుండగా ఫొటో తీయించుకుని ఉండడు. పాడె కట్టేలోపు ఒక్క ఫొటో కావాలని మనిషిని పంపిస్తారు. వెళ్ళేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల నిలవడానికి వెనక దిండు కట్టి ఉంచేవారు. అలవాటు కొద్దీ ఈయన, "గడ్డం కాస్త పైకి బాబూ... కదలకండి," అనేవారట. ఏడుస్తున్న ఇల్లంతా ఒక్క క్షణం ఏడుపు ఆపి శవం వైపు చూసేదట, కదులుతుందేమోనని.

ఫొటో తీయడంతో పని అయ్యేది కాదు. పెద్దకర్మ నాటికి పటం కట్టాలి. పటంలో కళ్ళు మూసుకుని ఉంటే ఎవరూ ఒప్పుకోరు. కనక కళ్ళు తెరిపించాలి. సన్నటి కుంచెతో, పెన్సిలుతో, రాత్రింబగళ్ళు కూర్చుని మూసిన రెప్పల మీద కళ్ళు గీసేవారు. రాజమండ్రిలో ఆ పని ఆయనంత బాగా ఎవరూ చేయలేదని పాత స్టూడియోల వాళ్ళు ఇప్పటికీ అంటారు.

"ఎవరి కళ్ళు పెట్టేవారండి?" అని అడిగాను.

"ఇంకెవరివి? ఎదురుగా అద్దం పెట్టుకుంటే ఏవి కనిపిస్తే అవే."

ఆ మాట విన్నాక ఇన్నీసుపేటలో నడక నాకు మునుపటిలా లేదు. పొద్దున్నే ఇళ్ళ తలుపులు బార్లా తీసి ఉంటాయి. ముందుగదిలో గోడ మీద పటాలు రోడ్డు మీదికి చూస్తుంటాయి. ఒక ఇంట్లో తలపాగా ముసలాయన, పక్కింట్లో ముక్కుపుడక మామ్మ, ఆ పైన కోర్టు గుమాస్తా. అందరూ ఒకే చూపు చూస్తున్నారు. ఆ చూపు నా పక్కనే ఎడమ పక్కకి ఒరిగి నడుస్తోంది. ఆయన ఒక్కో గుమ్మం దగ్గర లేని బెల్టు సర్దుకుని, ఎరిగున్నవాళ్ళకి ఆడించినట్టు చిన్నగా తల ఆడించేవారు.

ఇక ఆ పుట్టుమచ్చ సంగతి.

కోటిపల్లి రేవు దాటి అవతల, గౌతమి ఒడ్డున ఒక పల్లె. అంతా చేపలు పట్టేవాళ్ళు. వరద వచ్చినప్పుడు ఎగువనుంచి కొట్టుకొచ్చే దుంగల్ని ఈదుకుంటూ వెళ్ళి పట్టుకుని ఒడ్డుకి లాగడం వాళ్ళకి అలవాటు. ఒక ఏడు శ్రావణంలో ఒకతను అలా వెళ్ళాడు. ముప్పై ఏళ్ళుంటాయి. దుంగా రాలేదు, మనిషీ రాలేదు. శవం తేలలేదు. ఏడాది చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. పెద్దకర్మకి పటం కావాలి. అతను పుట్టాక ఒక్క ఫొటో తీయించుకోలేదు.

అతని అన్నా, భార్యా స్టూడియోకి వచ్చారు. అన్నకి పోయినవాడి చొక్కా తొడిగి కూర్చోబెట్టి ఫొటో తీశారు ఈయన. ఇద్దరిదీ ఒకే పోలికట. తర్వాత ఆ అమ్మాయి పక్కన నిలబడి చెబుతుంటే మార్చుకుంటూ వెళ్ళారు. మీసం ఇంకొంచెం ఒత్తు. నుదురు ఇంత ఉండదండి. చెవులు తలకి అంటుకుని ఉంటాయండి. చెంప మీద పుట్టుమచ్చ, కందిగింజంత. సాయంత్రానికి అన్న మొహంలోంచి తమ్ముడు బయటికొచ్చాడు. ఆ అమ్మాయి చూసి కొంగు నోట్లో కుక్కుకుందని చెప్పారాయన.

జాంపేటలో ఆ ఉదయం ఆయన చూసింది ఆ మనిషిని. ఉంచుకున్న ముప్పై ఆరో ఫ్రేము అతనికే ఖర్చయింది.

టీ కొట్టు దగ్గర కూర్చున్నాక ఆయనే ఇదంతా చెప్పారు. చెబుతున్నంతసేపూ రోడ్డు వైపే చూస్తున్నారు.

"పొరపాటు పడ్డారేమోనండి," అన్నాను.

"ఆ మొహం నా చేత్తో గీశానండి. ఒక పూటంతా. నా పిల్లల మొహాలైనా అంతసేపు చూడలేదు."

"బతికుంటే ఇల్లు చేరకుండా ఉంటాడా?"

"అది నాకు తెలీదు. ఇంకో సంగతుందండి. ఆ అమ్మాయికి ఈ మాఘంలో మారుమనువు చేస్తున్నారు. పోయిన వారమే ఆ అన్న వచ్చి చెప్పాడు. యానాం వైపు ఎవరో పడవ ఇంజన్లు బాగుచేసే అతను. మంచివాడట." గ్లాసు పక్కకి జరిపి, "చెబితే ఒక పాపం. చెప్పకపోతే ఇంకో పాపం," అన్నారు.

ఆ ఆదివారం నేను ఎద్దు గురించి రాసిన బాక్సు పడింది. జనం బాగుందన్నారు. ఆయన ఆ వారమంతా నడకకి రాలేదు. ఎనిమిదో రోజు ఉదయం మా గుమ్మంలో నిలబడి, "మీరూ రండి. ఒక్కణ్ణీ వెళ్ళలేను," అన్నారు.

రామచంద్రపురం మీదుగా బస్సులో కోటిపల్లి వెళ్ళి, పంటు మీద ఏరు దాటాం. పంటులో నాలుగు మోటారు సైకిళ్ళూ, ఒక మేకా, మేమూ. ఇంకో రోజైతే ఆ మేక ఆయనకి ఒక ఫ్రేము. మోటారు సైకిలు అద్దంలో తన గడ్డం చూసుకుంటోంది అది. ఆయన చూడలేదు.

రెండు గదుల పెంకుటిల్లు. వాకిట్లో వల ఆరేసి ఉంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఎండు రొయ్యలు ఏరుతోంది. ఆ అమ్మాయి లోపల్నించి వచ్చి ఈయన్ని చూసి గుర్తుపట్టింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి.

"రండి బాబూ, కూచోండి. ఇంత దూరం ఏంటండి?"

గోడ మీద పటం ఉంది. కాగితం పూల దండ. తెల్ల చొక్కా, ఒత్తు మీసం, కుడి చెంప మీద మచ్చ. చూస్తే ఎవరో నిజం మనిషే అనిపిస్తుంది.

స్టూడియో గారు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చూసింది చూసినట్టు చెప్పారు. ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు.

అత్తగారి చేతిలో చేట జారిపోయింది. రొయ్యలు వాకిలంతా పడ్డాయి. "నే చెప్పలేదా! నా కొడుకు నీళ్ళలో పోయేవాడు కాదని నే చెప్పలేదా!"

ఆ అమ్మాయి ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

"మాట్టాడారా అండి?"

"లేదమ్మా. చూసి, దాటి వెళ్ళేసరికి లేడు."

"బక్కగా ఉన్నారా?"

"పటంలో ఎలా ఉన్నాడో అలాగే."

"మచ్చ చూశారా?"

"చూశానమ్మా."

"ఏ పక్కనండి?"

అది ఆయన ప్రశ్న. ఎన్నోసార్లు నన్ను అడిగిన ప్రశ్న. తడుముకోకుండా కుడి చెయ్యెత్తి తన కుడి చెంప మీద వేలు పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి పటం వైపు చూసింది. చాలాసేపటినించి బిగపట్టిన ఊపిరి వదిలింది.

"అయితే మా ఆయన కాదులెండి." తన ఎడమ చెంప తాకి చూపించింది. "ఆయనకి ఈ పక్కండి. పటంలో అటు పడింది. తెచ్చిన రోజే చూశాను. అప్పటికే దండేసి దీపం పెట్టేశారు. ఇంకేం అంటాం అని ఊరుకున్నాను."

"ఏ పక్కయితే ఏంటే! మచ్చుందంటున్నారుగా! ఆ మొహమే అంటున్నారుగా!" అంది అత్తగారు.

"ఆ మొహం ఈయన గీసింది అత్తా. పటంలోంచి దిగి జాంపేట వెళ్ళాడంటావా?"

ఆ మాటతో ముగ్గురం పటం వైపు చూశాం. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. ముసలావిడ కాసేపటికి ఒక్కో రొయ్యనీ ఏరి చేటలో వేసుకోవడం మొదలుపెట్టింది. వేసుకుంటూనే, పక్కనున్న ఎవరికో చెబుతున్నట్టు, "వరద రోజు పొద్దున్న మాటా మాటా అనుకున్నారు. అలిగాడు. అలిగితే వాడంతే," అంది.

కోడలు వినబడనట్టు మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. మేం లేస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. "మీరు రావడమే మంచిదైందండి. చెప్పకుండా ఉంటే, నాకు తెలిసేది కాదు కానీ, మీకు మనసులో ఉండిపోయేది. పదిహేనో తారీకండి. వీలైతే రండి బాబూ," అంది. ఆ గొంతులో ఏదో దించేసుకున్న తేలిక ఉంది.

"ఆయ్, అలాగేనమ్మా," అన్నారాయన.

తిరుగు పంటులో ఆయన అంచున కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నారు. సగం ఏరు దాటాక మాట్లాడారు.

"నెగటివ్ మీద మచ్చ పెట్టాలంటే బ్లేడు మొనతో గీకాలండి. గీకేది మందు పొర ఉన్న వైపు. ఆ వైపునుంచి చూస్తే ఎడమ కుడిగా కనిపిస్తుంది. లెక్క వేసుకుని గీకాలి. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఆ అమ్మాయి పక్కన నిలబడి ఏడుస్తుంటే చెయ్యి తొందరపడింది."

"పోనీలెండి. ఆవిడకి మేలే అయింది."

ఆయన తల ఊపారు. పంటు ఒడ్డు చేరబోతుండగా ఉన్నట్టుండి, "ఆ ఎద్దుకి విరిగింది ఏ కొమ్మండి?" అన్నారు.

"ఏ ఎద్దు?"

"జాంపేట ఎద్దు. నేను చూసిన మొహం పక్కనే ఎద్దు మొహం కనిపించింది. దాని కుడి కొమ్ము విరిగి ఉంది. అసలు ఎద్దుకి ఏ కొమ్ము విరిగిందో మీరు చూశారా?"

"ఏదో ఒకటండి. గుర్తు లేదు."

"మీరు పేపర్లో రాశారుగా?"

"రాశానండి. అరలైను పెరిగిందని ఆ మాట కొట్టేశాను."

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. ఇన్నీసుపేట గోడల మీద పటాల్లో ఉన్న చూపే.

"పర్లేదులెండి. చిన్న మాటే," అన్నారు.

ఆ తర్వాత నాతో నడకకి రాలేదు. అడిగితే రీలు అయిపోయిందనేవారు. మాఘంలో ఆ అమ్మాయి మారుమనువు జరిగింది. మేం వెళ్ళలేదు.

రెండేళ్ళకి ఆయన పోయారు. నిద్రలోనే. పటానికి మేనల్లుడు ఫొటో వెతికితే కళ్ళజోడు లేనిది ఒక్కటీ దొరకలేదు. ఉన్నవాటిల్లో అద్దాల మీద వెలుగు పడి కళ్ళు తెల్లగా ఉన్నాయి. అతను కంప్యూటరులో స్టూడియో పాత పటం ఒకటి పెట్టి, అందులోంచి కళ్ళు తీసి అతికించాడు. ఎవరో కోర్టు గుమాస్తా కళ్ళు. "భలే కుదిరాయండి, మామయ్యవే అనిపిస్తున్నాయి," అన్నాడు నాతో. ఏ పటంలోంచి తీసినా అవి మామయ్యవే అని అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

పెద్దకర్మ భోజనం నుంచి వస్తూ జాంపేట టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన నన్ను గుర్తుపట్టి, "స్టూడియో గారు పోయారటగా. ఆఖర్న కాస్త మనసు చెదిరిందండి పాపం," అన్నాడు.

"అదేంటి?"

"రోజూ ఇక్కడికే వచ్చేవారు. ఎద్దు కోసం. ఏ కొమ్ము విరిగిందో చెప్పమనేవారు. వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవారు. నేను ఎడమ అంటాను, ఆ ఇస్త్రీ అతను కుడి అంటాడు. పోట్లాడుకున్నాం కూడా."

"ఎద్దుని చూస్తే తెలిసిపోతుందిగా?"

"ఎద్దేదండీ? మీ పేపర్లో పడిన వారానికే ఎవరో లారీ తెచ్చి పట్టుకెళ్ళారు. గోశాలకన్నారు. ఏ గోశాలో తెలీదు, ఆయన వెతకని చోటు లేదు."

టీ కొట్టు పక్కన మంగలి షాపు. కొట్టాయన మాట్లాడుతుంటే నేను ఆ షాపు అద్దంలో అతన్నే చూస్తున్నాను. అతనికి పాపిడి ఎడమ పక్క. అద్దంలో కుడి పక్క ఉంది. టీ గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది.

బీరువా అద్దం మా వైపు ఉంది. ఎద్దు మొహం మాకు రెండుసార్లు కనిపించింది. మొదట అద్దంలో, తర్వాత అద్దం వెనకనుంచి నేరుగా. ఆయన రెండో చప్పుడు ఈ రెండింటిలో దేనికో నాకు తెలియదు, ఆయనకీ తెలియలేదు. ఒక కన్ను మూసుకుని చూసే మనిషికి అద్దంలోదీ అవతలిదీ ఒకటే. ఎద్దుకి నిజంగా విరిగింది కుడి కొమ్మయితే ఆయన నేరుగా చూశారు. అప్పుడు ఆ కనిపించిన మొహానికి నిజంగానే మచ్చ కుడి పక్కన ఉంది. ఆ అమ్మాయి మొగుడు కాదు. విరిగింది ఎడమ కొమ్మయితే ఆయన చూసింది అద్దంలో. అప్పుడు కుడి అనుకున్న మచ్చ ఎడమ చెంప మీదే ఉంది. ఆ మనిషి అవతలి మలుపులో లేడు. మా వెనక, నాలుగడుగుల దూరంలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. మేం ముందుకి పరుగెత్తాం.

పంటు మీదే ఆయనకి ఈ సంగతి తట్టింది. వెనక్కి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పలేదు. ముందు ఎద్దుని చూసి తేల్చుకుందామనుకుని ఉంటారు.

నేనూ చెప్పలేదు. ఆమెకి ఇప్పుడు ఇద్దరు పిల్లలని విన్నాను. ఒకసారి పని మీద ఆ రేవు దాటినప్పుడు ఇంటి ముందునుంచి వెళ్ళాను. ముసలావిడ ఒక్కతే ఉంది. గోడ మీద పటం ఉంది, దండ లేదు. బతికున్నవాడికి దండేంటని ముసలావిడే తీసేసిందట.

ఎద్దుని ఆ రోజు అద్దంలో కాకుండా సూటిగా చూసింది నేనే. ఏ కొమ్మో మొదటి కాపీలో రాశాను కూడా. కొట్టేసిన ఆ కాగితం మర్నాడే ఆఫీసు చెత్తబుట్టలో పోయింది. అచ్చయిన బాక్సు మాత్రం నా దగ్గరుంది. పన్నెండు లైన్లు. మూడో లైనులో 'ఒక కొమ్ము విరిగిన ఎద్దు' అని ఉంది.